రెక్స్-పీఎన్ పరీక్షకు ఆన్‌లైన్ ప్రశ్నల బ్యాంకు: కట్టిన డబ్బుకు తగిన సరుకేనా?

కెనడాలో ప్రాక్టికల్ నర్సుగా రిజిస్టర్ కావడానికి ఆంటారియో, బ్రిటిష్ కొలంబియా ప్రావిన్సుల్లో రాయవలసిన రెక్స్-పీఎన్ పరీక్ష కోసం నేను చందా కట్టి వాడిన ఒక ఆన్‌లైన్ ప్రశ్నల బ్యాంకు గురించి రాస్తున్నాను. దాని పేరు చెప్పడం లేదు. ఇందులో చెప్పబోయే లోపాలు ఆ ఒక్క సంస్థవే కావు, ఇలాంటి సరుకు అమ్మే వారిలో చాలామందికి వర్తించేవే. ముందే నా తీర్పు చెప్పేస్తాను. జవాబుల వివరణలు, మందుల మోతాదు లెక్కలు చాలా బాగున్నాయి, వాటి కోసం డబ్బు పెట్టవచ్చు. కానీ అందులో గణనీయమైన భాగం అమెరికా పరీక్ష కోసం తయారుచేసి, అట్ట మార్చి, కెనడా పేరుతో అమ్ముతున్న సరుకు. ఆ సంగతి తెలిసి వాడుకున్నవారికి లాభం, తెలియక వాడుకున్నవారికి నష్టం.

మన దేశంలో జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) గానీ బీఎస్సీ నర్సింగ్ గానీ చదివి, ఇక్కడికి వచ్చాక పీఎస్‌డబ్ల్యూగా, అంటే రోగుల వ్యక్తిగత అవసరాలు చూసే సహాయకులుగా పనిచేస్తూ రాత్రిపూట పుస్తకం పట్టే తెలుగు నర్సులను దృష్టిలో పెట్టుకొని రాస్తున్నాను. ఆంటారియోలో మనకు వచ్చే హోదా ఆర్‌పీఎన్ (రిజిస్టర్డ్ ప్రాక్టికల్ నర్సు), బ్రిటిష్ కొలంబియాలో అదే ఎల్‌పీఎన్ (లైసెన్స్‌డ్ ప్రాక్టికల్ నర్సు). 2022 జనవరి 4 నుంచి ఈ రెండు ప్రావిన్సులూ పాత సీపీఎన్ఆర్ఈ పరీక్షను వదిలి, అమెరికాలో ఎన్‌క్లెక్స్ అనే నర్సుల లైసెన్సు పరీక్షలు నిర్వహించే ఎన్‌సీఎస్‌బీఎన్ సంస్థ తయారుచేసిన రెక్స్-పీఎన్‌కు మారాయి. గందరగోళమంతా ఇక్కడే మొదలైంది. తయారుచేసిన సంస్థ ఒకటే కనుక ప్రశ్నలూ ఒకటేనన్న ఊహతో, అక్కడి ప్రాక్టికల్ నర్సుల పరీక్ష ఎన్‌క్లెక్స్-పీఎన్ కోసం ఏళ్ల తరబడి కూడబెట్టిన ప్రశ్నలను కోచింగ్ సంస్థలు పెద్దగా మార్చకుండానే కెనడా అభ్యర్థుల ముందు పెట్టాయి. నేను వాడిన బ్యాంకులోనూ ఆ జాడలు అడుగడుగునా కనిపిస్తాయి.

ముందుగా మంచి గురించి. ఈ బ్యాంకులో ప్రతి ప్రశ్నకూ సరైన జవాబు ఎందుకు సరైనదో చెప్పి ఊరుకోకుండా, మిగిలిన మూడు ఎందుకు కావో విడివిడిగా రాశారు. ఈ పరీక్షకు అదే ప్రాణం. రెక్స్-పీఎన్‌లో చాలా ప్రశ్నలు జ్ఞాపకశక్తిని కాక, తెలిసిన విషయాన్ని రోగి దగ్గర ఎలా వాడతామన్నదాన్ని పరీక్షిస్తాయి. నాలుగు ఐచ్ఛికాల్లో మూడు అబద్ధాలు, ఒకటి నిజం అన్నట్టుగా ఉండవు. తరచుగా నాలుగూ చేయదగిన పనులే అయి, ముందుగా ఏది చేయాలన్నదే అసలు ప్రశ్న అవుతుంది. మన దగ్గర పరీక్షల్లో నిర్వచనం, కారణాలు, లక్షణాలు, నర్సింగ్ కేర్ అని వరుసగా పేజీలు నింపడం అలవాటైన వారికి ఇది కొత్త విద్య.

ఒక ఉదాహరణ చూపిస్తాను. బ్యాంకులోని ప్రశ్నను ఎత్తి రాయకుండా, అదే తరహాలో నేను కూర్చిన ప్రశ్న ఇది. సర్జికల్ వార్డులో ఉదయం షిఫ్టు మొదలైంది, నలుగురు రోగులున్నారు. ఒకరికి రెండు రోజుల క్రితం తుంటి కీలు మార్పిడి జరిగింది, నొప్పి పదికి ఆరు అంటూ మందు అడుగుతున్నారు. రెండో వారు సీఓపీడీ (దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) రోగి, ముక్కు గొట్టం ద్వారా 2 లీటర్ల ఆక్సిజన్‌పై ఉన్నారు, రక్తంలో ఆక్సిజన్ శాచురేషన్ 90 శాతం. మూడో వారికి నిన్న కడుపు ఆపరేషన్ అయింది, తెల్లవారుజాము నుంచి అసహనంగా కదులుతూ ఎక్కడున్నానో తెలియడం లేదంటున్నారు, నాడి 118. నాలుగో వారు మధుమేహ రోగి, అల్పాహారానికి ముందు గ్లూకోజ్ లీటరుకు 7.8 మిల్లీమోల్స్. ముందుగా ఎవరి దగ్గరికి వెళ్లాలి?

చాలామంది వేలు రెండో రోగి మీదికి వెళ్తుంది; ఊపిరి ముందు అన్న సూత్రం చిన్నప్పటి ఎక్కంలా నోటికి వచ్చి ఉంటుంది కాబట్టి. మంచి వివరణ అక్కడే ఆపి ఆలోచింపజేస్తుంది. కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయే ప్రమాదమున్న సీఓపీడీ రోగికి 88 నుంచి 92 శాతం శాచురేషనే లక్ష్యం, కనుక 90 అన్నది ఆయనకు ఉండవలసిన అంకె. తుంటి ఆపరేషన్ రోగికి నొప్పి ఊహించినదే, తీర్చవలసినదే, కానీ ప్రాణం మీదికి వచ్చినది కాదు. మధుమేహ రోగి సంఖ్య కొంచెం వేచి ఉండగలదు. మూడో రోగిలో మాత్రం కొత్త మార్పు వచ్చింది. ఆపరేషన్ మరునాడు అయోమయం, వేగమైన నాడి కలిసి కనిపిస్తే లోపలి రక్తస్రావానికి గానీ ఆక్సిజన్ తగ్గడానికి గానీ అది తొలి సూచన కావచ్చు, రక్తపోటు పడిపోవడం ఆ తర్వాతే రావచ్చు. కాబట్టి ముందుగా అక్కడికే వెళ్లాలి. ఇలా ఒక్కో ఐచ్ఛికాన్నీ విప్పి చూపే వివరణలు వందలకొద్దీ చదివాక, కొత్త మార్పుకూ పాత స్థితికీ తేడా పట్టడం కంటికి అలవాటవుతుంది. ఈ ఒక్క గుణానికి ఆ సంస్థకు పూర్తి మార్కులు ఇస్తాను.

అయితే అదే రోగి గురించి తర్వాతి ప్రశ్నకు వచ్చేసరికి బండి పట్టాలు తప్పుతుంది. రోగి దగ్గరికి వెళ్లాక ప్రాక్టికల్ నర్సు ఏం చేయాలి? అమెరికాలో ఎల్‌పీఎన్ పరిధి ఇరుకైనది. అక్కడి పాఠాల్లో ఎల్‌పీఎన్ వివరాలు సేకరిస్తారు, వాటిని బట్టి అంచనా వేయడం ఆర్‌ఎన్ (ఇంకా విస్తృత పరిధి ఉన్న రిజిస్టర్డ్ నర్సు) పని. స్థిమితంగా ఉన్న రోగులే ఎల్‌పీఎన్‌కు, మిగిలినవారు ఆర్‌ఎన్‌కు. ఈ గీత అక్కడి ప్రశ్నలన్నింటిలోనూ కనిపిస్తుంది. కెనడాలో ప్రాక్టికల్ నర్సు స్వయంగా అంచనా వేస్తారు, కేర్ ప్లాన్ రాస్తారు, తన నిర్ణయానికి తానే జవాబుదారీ అవుతారు. ఆంటారియో నర్సుల కాలేజీ, అంటే అక్కడి నర్సులను రిజిస్టర్ చేసి నియంత్రించే సీఎన్ఓ, ఏ రోగిని ఎవరు చూడాలన్న నిర్ణయాన్ని మూడు విషయాల మీద నిలబెట్టింది: రోగి, నర్సు, పనిచేసే వాతావరణం. రోగి స్థితి ఎంత జటిలంగా ఉంది, తర్వాత ఏం జరుగుతుందో ఎంతవరకు ఊహించగలం, కీడు జరిగే ప్రమాదం ఎంత అన్నవి చూసి, అవి పెరిగేకొద్దీ ఆర్‌పీఎన్ ఆర్‌ఎన్‌తో సంప్రదించాలి లేదా ఆ రోగి బాధ్యతను ఆర్‌ఎన్‌కు అప్పగించాలి. అంటే సంప్రదింపు ఉంటుంది, కానీ దానికి ముందు మన అంచనా ఉంటుంది.

ఈ తేడా ఈ ప్రశ్నల బ్యాంకులో నలిగిపోయింది. కొన్ని వివరణల్లో నర్సు స్వయంగా ఊపిరితిత్తుల శబ్దాలు వినడాన్ని సరైన జవాబుగా చూపారు. మరికొన్నింట్లో దాదాపు అలాంటి సందర్భంలోనే అది ప్రాక్టికల్ నర్సు పరిధి కాదు, వెంటనే ఆర్‌ఎన్‌కు తెలియజేయాలి అని రాశారు. ఒకే బ్యాంకులో రెండు దేశాల నియమాలు పక్కపక్కనే కాపురం ఉంటే, చదివేవారు ఏది నమ్మాలి? దీన్ని గురించి సహాయ విభాగానికి రాస్తే, ఆ ప్రశ్నను పరిశీలిస్తామని మర్యాదగా జవాబు వచ్చింది; నా చందా గడువు ముగిసేదాకా ప్రశ్న మాత్రం అలాగే ఉంది. నా దృష్టిలో ఈ సరుకులోని అతి పెద్ద లోపం ఇదే. అంకె తప్పైతే ఒక ప్రశ్న పోతుంది, పరిధి గురించిన అవగాహన తప్పైతే ప్రాధాన్యం, అప్పగింత, సంప్రదింపు మీద వచ్చే ప్రశ్నలన్నీ వరుసగా పోతాయి.

అంకెల సంగతి కూడా చిన్నది కాదు. కెనడాలో ల్యాబ్ ఫలితాలు ఎస్ఐ (అంతర్జాతీయ) ప్రమాణాల్లో ఉంటాయి. గ్లూకోజ్ లీటరుకు మిల్లీమోల్స్‌లో, హిమోగ్లోబిన్ లీటరుకు గ్రాముల్లో, క్రియాటినిన్ లీటరుకు మైక్రోమోల్స్‌లో వస్తుంది. అమెరికాలో, మన దేశంలో గ్లూకోజ్, క్రియాటినిన్ డెసీలీటరుకు మిల్లీగ్రాముల్లోనూ, హిమోగ్లోబిన్ డెసీలీటరుకు గ్రాముల్లోనూ చెబుతారు. అందువల్ల ఈ బ్యాంకులో ఒక ప్రశ్న గ్లూకోజ్ 62 అన్నప్పుడు ఫిలిప్పీన్స్ నుంచో కేరళ నుంచో వచ్చిన అభ్యర్థికి లాగే మనకూ ఏ అనుమానం రాదు. ఇన్నేళ్లూ వార్డులో విన్న భాషే అది. ఆ సౌఖ్యమే ప్రమాదం. పరీక్ష తెర మీద 3.4 అని కనిపించినప్పుడు అది ప్రమాదకరంగా తక్కువని కన్ను తక్షణం పట్టాలి, మనసులో 18తో గుణిస్తూ కూర్చోకూడదు. ఇక్కడ 4.0 కంటే తక్కువైతే హైపోగ్లైసీమియా. స్పృహలో ఉండి మింగగలిగిన రోగికి 15 గ్రాముల గ్లూకోజ్ ఇచ్చి, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడాలి. హిమోగ్లోబిన్ 120 అని కనిపిస్తే కంగారు పడనక్కరలేదు, అది మన 12. క్రియాటినిన్ 88 అన్నది మన 1. పొటాషియం ఒక్కటే కొత్తగా నేర్చుకునే శ్రమ పెట్టదు, 3.5 నుంచి 5.0 అని రెండు చోట్లా ఒకే అంకె.

ఈ బ్యాంకు సెట్టింగుల్లో ఎస్ఐ ప్రమాణాలు అనే మీట ఒకటి ఉంది. దాన్ని నొక్కితే ప్రశ్నలోని అంకెలు మారతాయి, వివరణలోని అంకెలు చాలా చోట్ల పాతవే ఉండిపోతాయి. జ్వరం ప్రశ్నలో సెల్సియస్‌లో 38.6 అని ఉంటుంది, కింద వివరణలో 101.5 కనిపిస్తుంది. మీట పెట్టిన ఇంజనీరు వివరణలు చదవలేదన్నమాట. మందుల పేర్లలోనూ ఇదే తంతు: ఉబ్బసం ప్రశ్నల్లో అల్‌బ్యుటెరాల్ అని వస్తుంది, కెనడాలో వాడే పేరు మనకు తెలిసిన సాల్‌బ్యుటమాలే. మరోవైపు పారాసిటమాల్ ఇక్కడ ఎసిటమినోఫెన్. అది అమెరికా పేరుతో కలుస్తుంది కనుక బ్యాంకులో సరిగానే ఉంది.

చట్టం, నైతికత విభాగం నిరాశ కలిగించింది. రోగి వివరాల గోప్యత గురించి అడిగిన చోట్ల అమెరికా చట్టమైన హిప్పా పేరు వివరణల్లో అలాగే మిగిలిపోయింది. ఆంటారియోలో వర్తించేది 2004 నాటి పీహెచ్ఐపీఏ, అంటే వ్యక్తిగత ఆరోగ్య సమాచార పరిరక్షణ చట్టం. ప్రావిన్సు చట్టాల లోతుపాతులను సీఎన్ఓ విడిగా జూరిస్‌ప్రుడెన్స్ పరీక్షలో అడుగుతుంది కనుక ఆ పేరు వల్ల రెక్స్-పీఎన్‌లో మార్కు పోకపోవచ్చు. కానీ సమ్మతి గురించిన ప్రశ్నలు అలా వదిలేయదగినవి కావు. పద్దెనిమిదేళ్లు నిండని రోగి తరఫున తల్లిదండ్రులే సంతకం చేయాలని ఈ బ్యాంకు ఢంకా బజాయించి చెబుతుంది. ఆంటారియోలో 1996 నాటి హెల్త్ కేర్ కన్సెంట్ చట్టం ప్రకారం చికిత్సకు సమ్మతి ఇచ్చేందుకు కనీస వయసు అంటూ లేదు. చికిత్సను, దాని పర్యవసానాన్ని అర్థం చేసుకోగలిగితే ఆ పిల్లవాడి మాటే చెల్లుతుంది. కుటుంబ పెద్ద చెప్పిందే వేదంగా నడిచే వార్డుల్లో పనిచేసి వచ్చిన మనకు ఇది ముందే కొత్త; దాని మీద తప్పు వివరణ చదివితే పాత అలవాటు మరింత గట్టిపడుతుంది. 2016 జూన్ నుంచి కెనడాలో చట్టబద్ధమైన వైద్య సహాయ మరణం గురించి, అందులో నర్సు ఏం చేయవచ్చో ఏం చేయకూడదో అన్న దాని గురించి ఒక్క ప్రశ్న కూడా నాకు కనిపించలేదు. ఆదివాసీ సముదాయాల పట్ల సాంస్కృతిక భద్రత అనే అంశానికి ఒక చిన్న పాఠం ఉంది, అదీ పైపైన తడిమినట్టుంది. ఆదివాసీ పిల్లల రెసిడెన్షియల్ స్కూళ్లలో జరిగిన అన్యాయాలపై విచారించిన సత్యశోధన, సయోధ్య కమిషన్ 2015లో వెలువరించిన 94 కార్యాచరణ పిలుపుల్లో 18 నుంచి 24 వరకు ఆరోగ్యానికి సంబంధించినవే. కెనడా నర్సింగ్‌లో ఇంత బరువున్న విషయాన్ని ఒక పేజీతో సరిపెట్టడం తగదు.

మందుల లెక్కల విభాగానికి వస్తే మళ్లీ సంతోషం. తెర మీది క్యాలిక్యులేటర్‌తోనే చేయిస్తారు, పరీక్షలోనూ అదే ఉంటుంది. సెలైన్ 1000 మిల్లీలీటర్లు 8 గంటల్లో ఎక్కాలి, సెట్ మిల్లీలీటరుకు 15 చుక్కలు అంటే, 15,000ను 480 నిమిషాలతో భాగించి 31.25, అంటే నిమిషానికి 31 చుక్కలు అని ఒక్కో మెట్టూ చూపుతారు. పిల్లల మోతాదులో ఎక్కువమంది జారే చోటును కూడా పట్టుకున్నారు. 18 కిలోల బిడ్డకు కిలోకు రోజుకు 25 మిల్లీగ్రాములు, రెండు మోతాదులుగా, 5 మిల్లీలీటర్లలో 250 మిల్లీగ్రాములున్న ద్రావణం అనుకోండి. రోజుకు 450, మోతాదుకు 225, అంటే 4.5 మిల్లీలీటర్లు. తొందరలో ఉన్నవారు రెండుతో భాగించడం మరచి 9 అని కొడతారు. ఆ 9 కొట్టగానే ఏ మెట్టు దాటేశారో వివరణ వేలు పెట్టి చూపుతుంది.

వీటికి తోడు, వాడకూడని సంక్షిప్తాల మీద ఒక చక్కని విభాగం ఉంది. కెనడాలో మందుల భద్రత చూసే ఐఎస్ఎంపీ కెనడా జాబితా ప్రకారం యూనిట్లకు ‘యూ’ అని రాయకూడదు, మిల్లీలీటరుకు సీసీ అనకూడదు, రోజుకొకసారి అనడానికి ఓడీ అని రాయకూడదు, దశాంశం తర్వాత అనవసరపు సున్నా పెట్టకూడదు, దశాంశానికి ముందు సున్నా మానకూడదు. మన కేస్ షీట్లలో ఓడీ, బీడీ అని గీకడం రక్తంలో ఇంకిపోయిన అలవాటు గనుక ఈ విభాగాన్ని రెండుసార్లు చదవమని నా సలహా.

ఇక ఆ సంస్థ ప్రకటనల్లో అన్నిటికంటే పెద్ద అక్షరాలతో కనిపించే అడాప్టివ్ మాక్ టెస్ట్. అసలు పరీక్ష ఎలా నడుస్తుందో తెలిస్తేనే దీని విలువ కట్టగలం. రెక్స్-పీఎన్‌లో కంప్యూటర్ మనం ఇచ్చిన ప్రతి జవాబును బట్టి మన సామర్థ్యాన్ని తిరిగి లెక్కగట్టి తర్వాతి ప్రశ్నను ఎంచుతుంది; అడాప్టివ్ అంటే ఇదే. కనీసం 90, గరిష్ఠంగా 150 ప్రశ్నలు. వాటిలో 30 ప్రశ్నలకు మార్కులు లెక్కించరు, అవి ఏవో మనకు తెలియదు. మొత్తం సమయం 4 గంటలు. ఉత్తీర్ణత గీతకు మనం పైన ఉన్నామో కింద ఉన్నామో 95 శాతం నిశ్చయంగా తేలగానే, 90 దాటాక ఎక్కడైనా పరీక్ష ఆగిపోవచ్చు. ఒకసారి జవాబు ఇచ్చి ముందుకు వెళ్తే వెనక్కి రావడం ఉండదు. కష్టమైన ప్రశ్నలు ఎదురవుతున్నాయంటే మనం బాగా రాస్తున్నామని కూడా అర్థం కావచ్చు. కాబట్టి ఎన్ని సరైనవి అన్న శాతంతో ఇక్కడ పని లేదు.

ఈ బ్యాంకు మాక్ టెస్ట్ ప్రతిసారీ 100 ప్రశ్నల దగ్గరే ఆగుతుంది, వెనుకటి ప్రశ్నకు వెళ్లి జవాబు మార్చుకోనిస్తుంది, చివరలో 72 శాతం, ఉత్తీర్ణతకు చాలా అవకాశం ఉంది అని ఆకుపచ్చ అక్షరాల్లో చూపుతుంది. ఇందులో అడాప్టివ్ ఏదో నాకు అర్థం కాలేదు. వెనక్కి వెళ్లే వెసులుబాటుకు అలవాటుపడిన వారు పరీక్ష హాలులో ఒక ప్రశ్న దాటగానే దాని గురించే ఆలోచిస్తూ తర్వాతి ప్రశ్నను పాడుచేసుకుంటారు. 150 ప్రశ్నలూ రావచ్చనుకొని సమయం పంచుకుంటే ఒక్కోదానికి 96 సెకన్లు. ఆ వేగాన్ని అలవాటు చేసే అమరిక కూడా ఇందులో లేదు. మా తెలుగు నర్సుల వాట్సాప్ గుంపులో ఆ ఆకుపచ్చ శాతాల స్క్రీన్‌షాట్లు పండుగ శుభాకాంక్షల్లా తిరుగుతుంటాయి, వాటి కింద ‘కంగ్రాట్స్ అక్కా’లు. మాక్ టెస్టును సాధనగా తీసుకోండి, ఆ శాతాన్ని మాత్రం జోస్యంగా తీసుకోకండి.

ప్రత్యక్ష తరగతులు వారానికొకటి ఉంటాయి, రికార్డింగు కూడా దొరుకుతుంది. బోధించే ఆమె స్పష్టంగా చెబుతారు, కాకపోతే ఆంటారియో సమయం ప్రకారం సాయంత్రం పెట్టడంతో సాయంత్రపు షిఫ్టు చేసేవారికి రికార్డింగే గతి. మానసిక ఆరోగ్యం, రోగితో సంభాషణ గురించిన రెండు తరగతులు విలువైనవి. ఏడుస్తున్న రోగికి ‘ఏం కాదులెండి, అంతా సర్దుకుంటుంది’ అని ధైర్యం చెప్పడం మన సంస్కారం. పరీక్ష దృష్టిలో అది రోగి మాటను మూసేసే జవాబు. దాన్ని నొప్పించకుండా, నాటకీయత లేకుండా వివరించారు.

డబ్బు వ్యవహారం గురించి చెప్పక తప్పదు. మూడు నెలల చందా 200 డాలర్లు దాటుతుంది, గడువు తీరగానే మనల్ని అడగకుండానే కార్డు నుంచి మళ్లీ తీసుకుంటారు. ఆ ఏర్పాటును రద్దుచేసే మీట ఫోన్ యాప్‌లో లేదు, కంప్యూటర్‌లో సైటు తెరిస్తేనే కనిపిస్తుంది. పాస్ కాకపోతే డబ్బు వాపసు అన్న హామీకి షరతులు చదివితే, బ్యాంకులోని ప్రశ్నలన్నీ పూర్తిచేసి ఉండాలి, ప్రతి మాక్ టెస్టులోనూ వారు చెప్పిన శాతం దాటి ఉండాలి, పరీక్ష ఫలితం వచ్చిన కొద్ది రోజుల్లోనే దరఖాస్తు పెట్టుకోవాలి అని ఉంది. ఈ మూడూ నెరవేర్చినవారు బహుశా పాస్ అయ్యే ఉంటారు. ఆ హామీని చూసి కొనకండి.

కొనదలచినవారు ఒక నెల చందాతో మొదలుపెట్టి, వివరణలు, లెక్కలు, సంభాషణ తరగతులు వరకే వాడుకుంటే డబ్బు గిట్టుబాటు అవుతుంది. దాని పక్కన రెండు ఉచిత పత్రాలను తప్పనిసరిగా పెట్టుకోవాలి. ఎన్‌సీఎస్‌బీఎన్ విడుదలచేసే రెక్స్-పీఎన్ టెస్ట్ ప్లాన్‌లో ఏ విభాగానికి ఎంత వాటా ఉంటుందో ఉంటుంది, ఒక్కో విభాగంలో ఏయే పనులు అడుగుతారో ఉంటుంది. సీఎన్ఓ, లేదా బ్రిటిష్ కొలంబియా వారైతే అక్కడి నర్సుల నియంత్రణ సంస్థ బీసీసీఎన్ఎం, తమ సైట్లలో పెట్టిన ప్రాక్టీస్ స్టాండర్డులు ప్రాక్టికల్ నర్సు పరిధి ఏమిటో నేరుగా చెబుతాయి. బ్యాంకులోని వివరణకూ ఈ పత్రాలకూ ఎక్కడ పొత్తు కుదరకపోతే అక్కడ పత్రాన్నే నమ్మండి. రోగి పరిస్థితి మారగానే ఆర్‌ఎన్‌కు చెప్పాలి అని మొదటి జవాబుగా చూపిన ప్రతిచోటా ఒక్క క్షణం ఆగి, ఆ నర్సు ఇప్పటికే అంచనా వేసిందా లేదా అని ప్రశ్నలో వెతకండి.

కొనేముందు చేయవలసిన పరీక్ష ఒకటుంది. ఇలాంటి ఏ సంస్థ అయినా కొన్ని ప్రశ్నలు ఉచితంగా చూపుతుంది. వాటిలో గ్లూకోజ్ ఏ ప్రమాణంలో ఉందో, సమ్మతి వయసు గురించి ఏం రాశారో, హిప్పా అన్న మాట ఎక్కడైనా ఉందో చూడండి. సగం సంగతి అక్కడే తెలిసిపోతుంది. ఇక సీపీఎన్ఆర్ఈ రాయవలసిన ప్రావిన్సులో ఉన్నవారికి ఈ బ్యాంకును నేను సిఫారసు చేయను. ఆ పరీక్ష అడాప్టివ్ కాదు, దానికి విడిగా తయారీ పుస్తకాలున్నాయి, ఇక్కడ డబ్బు పెట్టవలసిన అవసరం లేదు.